ఇల్లు ఏ రాష్ట్రంలో ఉన్నట్టు?

ఆడదాన్ని "మీదే ఊరమ్మా?" అని అడిగితే చటుక్కున జవాబు రాదు. పుట్టింటి ఊరు చెప్పాలా, అత్తవారి ఊరు చెప్పాలా, మొగుడికి బదిలీ అయిన ఊరు చెప్పాలా అని ఒక్క క్షణం తటపటాయిస్తుంది. మా అమ్మమ్మ అయితే "పుట్టింది పాలకొల్లు, మెట్టింది తణుకు, ఉంటున్నది మా పెద్దాడి దగ్గర" అని మూడూ కలిపి ఒక్క గుక్కలో చెప్పేసేది. అడిగినవాళ్లు తమకేది కావాలో అది ఏరుకునేవారు.

అమెరికాలో ఆ సౌకర్యం లేదు. ఏటా ఏప్రిల్ 15 లోగా ఫలానా రాష్ట్రం మాది అని రాసి సంతకం పెట్టాలి. మొగుడిది ఒక రాష్ట్రం, పెళ్లాంది ఇంకొక రాష్ట్రం అయిందంటే, ఆ సంతకం పెట్టేలోగా సంసారం మొత్తం కాగితాల మీదికొచ్చి కూర్చుంటుంది.

మన దేశంలో ఈ బెడద లేదు. జీతం మీద ఆదాయపు పన్ను కట్టేది కేంద్రానికే. మొగుడి లెక్క మొగుడిది, పెళ్లాం లెక్క పెళ్లాంది. ఇద్దరికీ కలిపి ఒకే రిటర్ను అనే మాటే లేదు. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఎన్ని సంసారాలు హైదరాబాదులో ఒక కాలూ, విజయవాడలో ఒక కాలూ వేసుకుని నడిచాయో మీకు తెలుసు. ఆయన అక్కడా, ఆవిడ ఇక్కడా ఉన్నా, రాష్ట్రం జీతంలోంచి పట్టుకునేది వృత్తి పన్ను ఒక్కటే. మహా అయితే నెలకు 200 రూపాయలు. ఏడాదికి 2,500 దాటకూడదని రాజ్యాంగంలోనే రాసిపెట్టారు. ఆ మాత్రానికి "మీ ఇల్లెక్కడ?" అని ఎవరూ నిలదీయరు.

ఇక్కడ పన్ను రెండంతస్తులు. కేంద్రానికి ఒకటి, రాష్ట్రానికి ఒకటి. రాష్ట్రం పన్నులో ఏ రాష్ట్రం తీరు దానిదే. పెన్సిల్వేనియాలో పేదా గొప్పా లేకుండా అందరికీ 3.07 శాతం. కాలిఫోర్నియాలో ఒక శాతంతో మొదలై, ఆదాయం పెరిగేకొద్దీ మెట్లెక్కి 12.3 దాకా పోతుంది. పది లక్షల డాలర్లు దాటిన మహారాజులకు పైన ఇంకో శాతం. టెక్సాస్, ఫ్లోరిడా అయితే జీతం మీద పైసా అడగవు. అందుకే మావారికి డల్లాస్‌లో ఉద్యోగం వచ్చిందనగానే తెలిసినవాళ్లంతా "అదృష్టవంతులండీ, టెక్సాస్‌లో పన్ను లేదు" అన్నారు. మేం వేరువేరుగా ఉండబోతున్నామన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

నా ఉద్యోగం ఫ్రీమాంట్‌లో. మావాడికి హైస్కూలు ఇంకా రెండేళ్లుంది. పదకొండో క్లాసులో పిల్లాణ్ణి బడి మాన్పించి వేరే ఊళ్లో వెయ్యడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? కనుక ఆయన అక్కడ, మేమిద్దరం ఇక్కడ. గడియారంలో రెండు గంటల తేడా. ఆయన భోంచేసి ఆవులించే వేళకి నేనిక్కడ బియ్యం కడుగుతూ ఉంటాను.

మొదటి ఏడు పన్ను లెక్కలకు ఆడిటరు గారి దగ్గరికి వెళ్లాను. ఎన్నో ఏళ్లుగా ఇక్కడి తెలుగువాళ్ల లెక్కలు చూస్తున్న పెద్దాయన. కాగితాలన్నీ చూసి, కళ్లజోడు తీసి, మెల్లగా అడిగారు.

"అమ్మా, మీరిద్దరూ దూరంగా ఉంటున్నారా, విడిపోయారా?"

నాకు ఒళ్లు మండింది. "అదేం మాటండీ! మొన్న సంక్రాంతికి వచ్చి వెళ్లారు" అన్నాను.

"కోప్పడకండి. చట్టం అడగమన్న ప్రశ్నే అడిగాను. ఉద్యోగం కోసం దూరంగా ఉంటే కాపురం నిలిచే ఉన్నట్టు. ఇక ఈ బంధం అయిపోయిందనుకుని విడిగా ఉంటే లెక్క వేరు. మీది మొదటిది. కాబట్టి వారి జీతంలో సగం మీది."

వినడానికి ఎంత కమ్మగా ఉందో! పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. అంత స్పష్టంగా నాతో ఆ మాట అన్నవాళ్లు లేరు.

"సగం మీదయింది గనుక, కాలిఫోర్నియాలో ఉన్న మీరు ఆ సగం మీద కాలిఫోర్నియాకు పన్ను కట్టాలి" అని ఆయన వాక్యం పూర్తిచేశారు.

ఇదీ అసలు కథ. అమెరికాలో తొమ్మిది రాష్ట్రాల్లో ఒక చట్టం ఉంది. పెళ్లయ్యాక భార్యాభర్తల్లో ఎవరు సంపాదించినా అది దంపతుల ఉమ్మడి సొత్తు; చెరిసగం. పెళ్లికి ముందునుంచీ ఉన్నదీ, పుట్టింటివాళ్లు ఇచ్చినదీ, వారసత్వంగా వచ్చినదీ మాత్రం ఎవరిది వారిదే. ఇంచుమించు మన స్త్రీధనం లాంటిదనుకోండి. కాలిఫోర్నియా, టెక్సాస్, వాషింగ్టన్, అరిజోనా వగైరాలు ఈ తొమ్మిదిలోవి. ఫ్లోరిడా, న్యూజెర్సీ, న్యూయార్క్ కావు.

ఇప్పుడు లెక్క చూడండి. గుండ్రటి అంకెలే చెప్తాను. మావారి అసలు జీతం పత్రికలో రాస్తే ఆయన ఊరుకోరు. భర్త టెక్సాస్‌లో స్థిరపడి 1,20,000 డాలర్లు సంపాదిస్తున్నాడు. భార్య కాలిఫోర్నియాలో 1,00,000. వెరసి 2,20,000. ఆయన జీతంలో సగం, అంటే 60,000 ఆవిడది. ఆవిడ ఉండేది కాలిఫోర్నియాలో గనుక అక్కడ పన్ను పడుతుంది. ఆవిడ జీతంలో సగం, 50,000 ఆయనది. ఆయన టెక్సాస్‌లో ఉన్నా, ఆ డబ్బు పుట్టింది కాలిఫోర్నియాలో గనుక దానికీ అక్కడే పన్ను. మిగతా 50,000 ఎలాగూ ఆవిడదే. మొత్తం 1,60,000 మీద కాలిఫోర్నియా పన్ను వేస్తుంది. ఆయన జీతంలో ఆయన వాటా 60,000 ఒక్కటే తప్పించుకుంది. పన్ను ఎంత శాతమో తేల్చేటప్పుడు మాత్రం మొత్తం 2,20,000 నీ చూస్తారు.

"పోనీ, ఎవరికి వారం విడిగా దాఖలు చేసుకుంటే?" అన్నాను.

"కేంద్రానికి ఉమ్మడిగా ఇచ్చినవాళ్లు కాలిఫోర్నియాకూ ఉమ్మడిగానే ఇవ్వాలి. ఒకరు ఏడాదంతా పైరాష్ట్రంలో ఉండి, వారికి కాలిఫోర్నియా నుంచి ఒక్క డాలరు కూడా రాకపోతే విడిగా ఇవ్వొచ్చని మినహాయింపు ఉంది. కానీ మీ జీతంలో సగం వారిది కదా! వారికి ఇక్కడి ఆదాయం ఉన్నట్టే. ఆ దారీ మూసుకుపోయింది."

అదే ఆయన ఫ్లోరిడాకు వెళ్లి అక్కడే స్థిరపడి ఉంటే? అక్కడ చెరిసగం చట్టం లేదు. ఎవరి సంపాదన వారిదే. ఆయన 1,20,000 పూర్తిగా ఆయనదే, కాలిఫోర్నియాకు దాంతో నిమిత్తం లేదు. పన్ను పడేది నా లక్ష మీదనే. చూశారా తమాషా! టెక్సాస్‌లోనూ పన్ను లేదు, ఫ్లోరిడాలోనూ పన్ను లేదు. అయినా టెక్సాస్ మొగుడి జీతానికి పన్ను పడింది, ఫ్లోరిడా మొగుడి జీతానికి పడలేదు. కారణం ఒక్కటే. టెక్సాస్ చట్టం ఆ సగాన్ని పెళ్లానికిచ్చింది, ఫ్లోరిడా చట్టం ఇవ్వలేదు.

ఇంటికొచ్చి ఫోనులో ఈ సంగతి చెబితే మావారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "టాంపాలో కూడా ఒక ఉద్యోగం ఉందన్నారు సుమా!" అన్నారు.

"పన్ను మిగులుతుందని నా సగం వదులుకోమంటారా?" అన్నాను.

నేను హాస్యానికే అన్నాను గానీ, ఆ ప్రశ్నకు ఈ దేశంలో పెద్ద చరిత్రే ఉంది. ఈ చెరిసగం చట్టం స్పెయిన్‌వాళ్లది. 1848లో మెక్సికో నుంచి కాలిఫోర్నియా అమెరికా చేతికొచ్చింది. మరుసటేడు రాసుకున్న రాష్ట్ర రాజ్యాంగంలో భార్య సొంత ఆస్తి భార్యదేనని పెట్టుకుని, పాత పద్ధతినే నిలుపుకున్నారు. అయితే సగం పేరుకే, పెత్తనమంతా భర్తదే. భార్యకు ఆ సగం మీద ఇప్పుడే హక్కు ఉన్నట్టని స్పష్టంగా రాయడానికి 1927 దాకా పట్టింది. ఉమ్మడి సొత్తు మీద ఇద్దరికీ సమాన పెత్తనం వచ్చింది 1975 జనవరిలో.

ఇక పన్ను సంగతి. 1930లో వాషింగ్టన్ రాష్ట్రపు సీబోర్న్ దంపతుల కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. "నా సంపాదనలో సగం మా ఆవిడది, కనుక చెరిసగం చూపించుకుంటాం" అన్నాడాయన. కోర్టు సరేనంది. ఒకే పెద్ద ఆదాయం రెండు చిన్న ఆదాయాలైతే పన్ను తగ్గుతుంది కదా! ఇది చూసి మిగతా రాష్ట్రాల మగవాళ్లకు నిద్ర పట్టలేదు. 1940లలో ఒరెగాన్, మిషిగన్, నెబ్రాస్కా లాంటి రాష్ట్రాలు హడావిడిగా భార్యకు సగం హక్కు ఇస్తూ చట్టాలు చేసేశాయి. 1948లో కేంద్రమే దేశంలోని దంపతులందరికీ ఉమ్మడి రిటర్నులో ఆదాయం చెరిసగం వేసుకునే వీలిచ్చింది. అంతే! ఆ రాష్ట్రాలు భార్యలకిచ్చిన సగాన్ని మళ్లీ వెనక్కి లాగేసుకున్నాయి. పన్ను తగ్గుతుందంటే అర్ధాంగి, వేరే దారి దొరికితే ఎవరో! మొగుళ్లు ఏ దేశంలోనైనా మొగుళ్లే.

మన దేశంలో ఈ సంప్రదాయం బొత్తిగా లేదనుకోకండి. గోవాలో పోర్చుగీసువాళ్ల నాటి చట్టం ఇంకా నడుస్తోంది. అక్కడి దంపతుల అద్దె, వ్యాపారం వంటి ఆదాయాలను మన ఆదాయపు పన్ను చట్టమే చెరిసగం చేసి చూస్తుంది. జీతాన్ని మాత్రం వదిలేసింది. మిగిలిన మనకు? పెళ్లయినంత మాత్రాన మొగుడి జీతంలో సగం పెళ్లాందని మన హిందూ చట్టంలో ఎక్కడా లేదు. "అంతా నీదేనోయ్" అన్న మాట మాత్రం ఇంటింటా ఉంది.

సరే, సగం సంగతి తేలింది. అసలు మావారి ఇల్లు టెక్సాస్ అని ఒప్పుకునేదెవరు? అది మరో చిక్కు. చట్టం దృష్టిలో స్థిరనివాసం అంటే అద్దెకున్న చోటు కాదు. ఎక్కడికి వెళ్లినా తిరిగి చేరుకుందామనుకునే చోటు. తాత్కాలికంగా వెళ్లారు, స్థిరనివాసం ఇంకా కాలిఫోర్నియాయే అని తేలితే, 2,20,000 కూ పన్ను పడుతుంది. మనసులో ఏముందో పైకి కనపడదు గనుక గుర్తులు చూస్తారు. డ్రైవింగు లైసెన్సు ఏ రాష్ట్రానిది? ఓటు ఎక్కడ? బ్యాంకు ఎక్కడ? డాక్టరెవరు? అన్నిటికన్నా ముందు, భార్యాబిడ్డలెక్కడ?

ఒక వెసులుబాటు ఉంది. ఉద్యోగం ఒప్పందం మీద వరసగా కనీసం 546 రోజులు కాలిఫోర్నియా బయట ఉండే మనిషిని, మరికొన్ని షరతులకు లోబడి, పైరాష్ట్రం మనిషిగానే చూస్తారు. ఆ షరతుల్లో ఒకటి, ఏడాదిలో 45 రోజులకు మించి కాలిఫోర్నియాకు తిరిగి రాకూడదు. అప్పుడు కూడా, ఇక్కడున్న భార్య వాటా సగానికి పన్ను తప్పదనుకోండి. ఆ 45 అంకె విన్నాక నేను కాలెండరు తీసుకు కూర్చున్నాను. సంక్రాంతికి నాలుగు రోజులు. ఉగాదికి మూడు. పిల్లాడి పుట్టినరోజు. నెలకు ఒక శనాదివారాలు, అవే ఇరవై నాలుగు. వేసవిలో వారం. నాకు జ్వరమొస్తే? మావాడి స్కూలు ఆఖరి రోజు పండగకి? కట్టుకున్న మొగుడు ఇంటికొచ్చే రోజుల్ని గవర్నమెంటు సెలవుల్లాగా లెక్కపెట్టవలసి వస్తుందని నా పెళ్లినాడు పురోహితుడు కూడా ఊహించి ఉండడు.

చివరికి మావారు ఆ 45 రోజుల దారి పట్టలేదు. టెక్సాస్ లైసెన్సు తీసుకున్నారు, కారు అక్కడ రిజిస్టరు చేయించారు, మావాడి చదువు కాగానే మేమిద్దరం అక్కడికి చేరాలనే నిర్ణయం మీద చిన్న ఇల్లు కూడా కొన్నారు. ఆయన ఇల్లు టెక్సాస్, నా ఇల్లు కాలిఫోర్నియా అని ఆడిటరు గారు రాసి చూపించారు. ఒక కాగితం మీద మా ఇద్దరి పేర్ల ఎదుట రెండు వేరువేరు రాష్ట్రాలు చూసి మొదట గుండె కలుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే వేరే సంగతి తట్టింది. పాత ఇంగ్లీషు చట్టంలో పెళ్లయిన ఆడదానికి వేరే ఇల్లంటూ లేదు. మొగుడి స్థిరనివాసమే ఆవిడదీను, ఆవిడ అక్కడ ఒక్కరోజు ఉండకపోయినా సరే. ఇంగ్లండులో ఈ పద్ధతి 1973 నాటి చట్టంతో గాని పోలేదు. ఇవాళ పన్ను కాగితం మాత్రం నన్ను విడిగా అడిగింది. నేను చెప్పిన జవాబే రాసుకుంది.

అన్ని రాష్ట్రాల తీరూ ఇదే అనుకునేరు. న్యూజెర్సీలో ఉన్న భార్య, ఏడాదంతా పైరాష్ట్రంలో ఉన్న భర్త కేంద్రానికి ఉమ్మడిగా ఇచ్చినా, ఆవిడ న్యూజెర్సీకి విడిగా ఇచ్చుకోవచ్చు. "మేమిద్దరం ఇక్కడివాళ్లమే అనుకోండి" అని ఇద్దరూ ఒప్పుకుంటే ఉమ్మడిగానూ ఇవ్వొచ్చు. అప్పుడు ఇద్దరి ఆదాయమూ ఆ రాష్ట్రం లెక్కలోకి పోతుంది. న్యూయార్క్ పద్ధతీ అంతే. కనుక ఎడిసన్ వదినగారు అలా చేశారని ఫ్రీమాంట్ మరదలు చేయబోతే కుదరదు.

ఇంకో చిన్న విషయం. టెక్సాస్ కంపెనీ కాలిఫోర్నియా పన్ను జీతంలోంచి పట్టుకోదు. ఏడాది చివర ఒక్కసారిగా నెత్తిమీద పడకుండా, ఇక్కడ నా జీతంలోంచే ఎక్కువ పట్టుకోమని మా ఆఫీసులో రాసిచ్చాను. అంటే ఆయన జీతం మీద పన్ను నా జీతంలోంచి పోతోంది. నా చేతికొచ్చే జీతం చిక్కిపోయింది, ఆయనది నిండుగా ఉంది. ఇక్కడే ఆడవాళ్లు జాగ్రత్తపడాలి. పన్నులో సగం నా దగ్గరికొచ్చినప్పుడు, సగం సొమ్ము కూడా ఏదీ అని అడగాలి కదా! అడిగాను. ఇప్పుడు ఆయన జీతమూ నా జీతమూ ఇద్దరి పేరా ఉన్న ఒకే ఖాతాలో పడుతున్నాయి, పన్ను అందులోంచే పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరున చెప్తున్నాను. ఉమ్మడి రిటర్ను మీద ఇద్దరూ సంతకం పెడితే, ఆ పన్ను మొత్తానికీ ఇద్దరూ పూచీ. సగానికి కాదు, మొత్తానికి. ఆయన ఏదో ఆదాయం చూపించకుండా దాచితే, రేపు విడాకులైపోయినా సరే, ఆ బాకీ అంతా ఆవిడ దగ్గర వసూలు చేసుకోవచ్చు. "నాకు తెలియదు మహాప్రభో" అని మొరపెట్టుకోవడానికి 8857 అని ఒక ఫారం ఉంది. కానీ నిజంగా తెలియదా, తెలుసుకునే వీలుండి కూడా తెలుసుకోలేదా అని తరచి తరచి అడుగుతారు. మనలో ఎంతమంది, పొయ్యి మీద పోపు మాడిపోతుంటే, "ఇక్కడ సంతకం పెట్టవోయ్" అంటే వేలు చూపించినచోట పెట్టేసి వంటింట్లోకి పరుగెత్తే వాళ్లం కాదు? బ్యాంకు కాగితమైనా, ఇంటి కాగితమైనా, అమెరికా అయినా, అమలాపురమైనా పద్ధతి ఒక్కటే.

పోపు మాడితే ఇంకో పోపు పెట్టుకోవచ్చు. సంతకం అలా కాదు. అందులో మీ ఇల్లెక్కడని రాసిందో, మీ వాటా ఎంతని రాసిందో, మీరు దేనికి పూచీపడుతున్నారో చదివి, అర్థం కాకపోతే అడిగి, అప్పుడే పెట్టండి. మొగుడి మీద నమ్మకం లేదని కాదు. సగం మనదైనప్పుడు సగం చదువూ మనమే చదవాలి.

ఈ ఏడు కాగితాలు కంప్యూటరులోనే వచ్చాయి. డల్లాస్ నుంచి మావారి ఫోను.

"ఏమోయ్, సంతకం పెట్టేశావా? నేను పెట్టేశాను."

"ఇంకా మూడో పేజీలో ఉన్నానండీ" అన్నాను. "మీరు చదివే పెట్టారా?"